మూత వేసే మర్యాద

నా సర్వీసు మొత్తంలో నేను ఎక్కువసార్లు విన్న మాట, "సార్, ఇది పడుకుందండి, లేవట్లేదు." కొత్తగా విన్నవాళ్లు ఎవరికో ఏదో అయిపోయిందని కంగారుపడేవాళ్లు. ఎవరికీ ఏమీ కాలేదు బాబూ, లాప్‌టాప్ గురించి. పొద్దున ఫోను తీస్తే అదే మాట, మధ్యాహ్నం ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే అదే మాట. చివరికి ఫోను మోగగానే మా ఆవిడే, "ఎవరో పడుకున్నట్టున్నారు, చూడండి" అనేది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీకోసం ఒక్క సంగతి రాస్తాను. పేర్లు మాత్రం చెప్పను. చెప్పకపోయినా వాళ్లు గుర్తుపడతారు. కాకపోతే నన్ను తిట్టాలంటే ముందు అది మేమేనని ఒప్పుకోవాలి, ఆ ధైర్యం వాళ్లలో ఎవరికీ లేదని నాకు తెలుసు.

నాది సిస్టమ్స్ ఉద్యోగం. మా సంస్థకు తెనాలిలో ఒక ఆఫీసు, రేపల్లెలో ఒకటి, బాపట్లలో పెద్దాఫీసు ఉండేవి. నేను కూర్చునేది తెనాలిలోనే అయినా మూడు చోట్లా మిషన్ల మంచిచెడ్డలు నావే. ఆ రోజుల్లో జరుగుతున్న పని ఏమిటంటే, బూజు పట్టిన పాత కాగితాలను స్కాన్ చేసి బాపట్లలో ఉన్న సర్వర్‌కు పంపడం. ఒక్కో కట్ట పంపడానికి పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా పట్టేది. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడెవరో గానీ, ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకునే బుద్ధి దానికి పెట్టలేదు. మధ్యలో తెగిందంటే మళ్లీ మొదటి కాగితం నుంచి మొదలు.

బాపట్లలో పని అయిపోయింది. తెనాలిలో అయిపోయింది. రేపల్లెలో మాత్రం ఒక్క కట్ట కూడా పూర్తిగా వెళ్లలేదు. "రేపల్లె వాళ్లది ఎప్పుడూ రేపే" అని మా పెద్దసారు ప్రతి మీటింగులోనూ జోకు వేసేవారు. ప్రతి మీటింగులోనూ అందరం అప్పుడే మొదటిసారి విన్నట్టు నవ్వేవాళ్లం. పెద్దసారంటే బాపట్లలో కూర్చునే మా అధికారి. చెడ్డవాడని అనలేను. ఆయనకు ఒక్కటే బలహీనత, సర్క్యులర్. గోడమీద బల్లి పాకినా దానికో సర్క్యులర్ వెయ్యాల్సిందే. కరెంటు పొదుపు మీద, టేబుళ్ల శుభ్రత మీద, చెప్పులు విడిచే వరస మీద, ఒకదాని వెనక ఒకటి దిగుతుండేవి. మేం ఫైల్లో పెట్టేవాళ్లం, చదివేవాళ్లం కాదు.

రేపల్లెలో ఆ లాప్‌టాప్ ముందు కూర్చునేది ఒక కాంట్రాక్టు ఆపరేటర్. ఇద్దరు పిల్లల తల్లి, అయినా ఆఫీసులో అందరికన్నా చిన్నది కాబట్టి అందరూ "అమ్మాయ్" అనే పిలిచేవాళ్లు. వాళ్లాయనది తాపీ పని. పని ఉన్ననాడు ఉంది, లేనినాడు లేదు. ఇల్లు నడిచేది ఈ అమ్మాయి ఉద్యోగం మీద. ఆ ఉద్యోగమేమో ఏడాదికోసారి పెద్దసారు సంతకం పెడితేనే ఇంకో ఏడాది సాగేది.

ఒకరోజు పెద్దసారు నాకు ఫోను చేశారు.

"ఆ రేపల్లె ఆపరేటర్ నిర్లక్ష్యం వల్లే పని ఆగిపోతోంది. మీరెళ్లి చూసి, ఆ మాటే రిపోర్టు రాసివ్వండి. ఈసారి రెన్యువల్ ఆపేస్తాను."

"చూసి రాయమంటారా సార్, రాసి చూడమంటారా?" అన్నాను. నాకు నోరు ఊరుకోదు, అదో జబ్బు.

"ఏదో ఒకటి త్వరగా చెయ్యండి" అని పెట్టేశారు.

రేపల్లె బండెక్కి వెళ్లాను. ఆ లైనులో వెళ్లినవాళ్లకు తెలుసు, ఆ బండికి తొందరనేది తెలియదు. కిటికీ పక్కన కూర్చుని, ఈ అమ్మాయి ఏ పాటలో వింటూ కూర్చుని పని పాడుచేస్తోందని నేనూ ముందే తీర్పు ఇచ్చేసుకున్నాను. తీరా వెళ్లి చూస్తే ఆమె టేబుల్ అద్దంలా ఉంది. పక్కన కాగితాల కట్టలు వరసలో పేర్చి ఉన్నాయి. ఆ టేబుల్ మాత్రం సరిగ్గా దారిలో ఉంది. లోపలికి వెళ్లాలన్నా, మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లాలన్నా దాన్ని రాసుకునే వెళ్లాలి.

"ఏంటమ్మా నీ సమస్య?" అన్నాను.

"నాకేం లేదండి. దీనికే. నేను కుర్చీలో ఉన్నంతసేపూ బానే ఉంటదండి. అలా లేచి ఇలా వచ్చేసరికి పడుకునుంటది. మా చిన్నోడు నేను పక్కలోంచి లేస్తే లేచిపోతాడండి. ఇదేమో నేను లేస్తే పడుకుంటది."

నాకు నవ్వొచ్చింది గానీ పెద్దరికం అడ్డొచ్చి ఆపుకున్నాను. సెట్టింగులు తెరిచాను. మీకు తెలిసిందే గానీ ఒకసారి చెబుతాను. నిద్ర సంగతి చూసుకునే గడులు అందులో రెండు వరసల్లో ఉంటాయి. కరెంటు మీద ఉన్నప్పుడు ఎంతసేపటికి పడుకోవాలి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఎంతసేపటికి పడుకోవాలి. మనవాళ్లు మొదటిది మార్చి, రెండోదాన్ని దాని ఖర్మానికి వదిలేస్తారు. ఇక్కడా అంతే. పైగా ఆ గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు. అటెండరమ్మ టీ కాచే కెటిలూ దానికే, లాప్‌టాపూ దానికే. కెటిల్ పెట్టిన ప్రతిసారీ లాప్‌టాప్ బ్యాటరీ మీదకు వెళ్లి కునుకు తీస్తోంది. దొరికింది దొంగ అనుకున్నాను. రెండు వరసల్లోనూ 'ఎప్పటికీ వద్దు' అని పెట్టాను. కెటిల్‌ను పక్కగదికి పంపించాను.

"ఇంక పడుకోదాండీ?" అంది అమ్మాయి.

"పడుకోదు. నాది హామీ" అని టీ తాగి, హుందాగా తెనాలి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోను. "సార్, పడుకుందండి."

నాకు ఒళ్లు మండింది. "ఏం నొక్కావ్? నిజం చెప్పు!"

"పిల్లల మీదొట్టండి, ఏం నొక్కలేదు. అన్నం తినొచ్చేసరికి పడుకునుంది."

"నువ్వు అన్నం తినడం మానెయ్" అన్నాను కోపంగా. "అదే అయ్యేట్టుందండి, ఉద్యోగం పోతే" అంది మెల్లగా. ఆ అమ్మాయి ఎంత భయంలో ఉందో నాకు అప్పుడు అర్థమైంది. పెద్దసారు తనే రేపల్లె వచ్చి విచారణ చేస్తారని, ఆ రోజుకు కట్ట వెళ్లకపోతే అక్కడికక్కడే పొమ్మంటారని అప్పటికే కబురు వచ్చిందట.

ఆ విచారణ రోజున పొద్దున్నే నేను మళ్లీ బండెక్కాను. ఈసారి సెట్టింగులు చూడటానికి కాదు, కాపలా కాయడానికి. కట్ట పంపడం మొదలుపెట్టించి, అమ్మాయి పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని, రెప్పవేయకుండా ఆ మిషన్‌నే చూస్తూ కూర్చున్నాను. ఆఫీసులో అందరూ మా పక్కనుంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. మిషన్ మాత్రం కన్ను మూయలేదు. కట్ట ఎంతవరకు వెళ్లిందో తెర మీద చూపించే పచ్చగీత మెల్లగా సగం దాటింది. అమ్మాయి మొహం కాస్త తేటపడింది.

"సార్, మీకు భయపడుతోందండి ఇది" అంది.

"దెబ్బకు దెయ్యం కూడా దిగుతుంది. పద, ఇద్దరం నాలుగు మెతుకులు తినొద్దాం" అన్నాను. ఆమె వద్దంటూనే ఉంది. నేనే బలవంతాన లేపాను.

పెరట్లో అరుగుమీద కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి లాప్‌టాప్ మూత వేసి ఉంది. అంచున చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. అమ్మాయి మామూలుగా వెళ్లి మూత తీసింది. పచ్చగీత పోయింది. పంపడం విఫలమైంది, మళ్లీ మొదలుపెట్టండి అని కనపడింది.

"మూత ఎవరు వేశారు?" అని అరిచాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారని సామెత. ఇక్కడ ఎవరూ భుజాలు తడుముకోలేదు. గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చారు.

"నేనేనండి వేశా" అంది అటెండరమ్మ, మెచ్చుకుంటాననుకుని. ఆవిడ ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. "చదివేవాళ్లు లేకుండా బైబిలు తెరిచి పెట్టి లేస్తామాండి? మా అమ్మ నేర్పిన పద్ధతి. ఇదీ అంతేగదా."

"ఈ రోజు ఆవిడ వేసింది గానీ, రోజూ నేనే వేస్తుంటానండి" అన్నారు సూపరింటెండెంటు గారు తన గదిలోంచి వస్తూ. ఆయన పెద్దమనిషి, రేపల్లె పాత ముస్లిం కుటుంబం. ఎవరినీ పల్లెత్తు మాట అనరు. "మా నానమ్మ చెప్పేది, గ్రంథం తెరిచి వదిలేస్తే షైతాన్ వచ్చి చదువుకుపోతాడని. మన ఆఫీసు కాగితాలు వాడెందుకు చదవాలండి?"

"తెరిచి వదిలేస్తే సరస్వతి లేచెళ్లిపోద్దండి. నేనూ వేస్తా" అన్నాడు మూలసీట్లో ఉన్న గుమాస్తా. ఆయన నుదుట బొట్టు ఏ పూటా చెరిగేది కాదు.

నేను అమ్మాయి వైపు తిరిగాను. "మూత వేసి ఉంటోందని ఒక్కసారన్నా నాతో అన్నావా?"

"అదేం చెప్పేదండి?" అంది ఆశ్చర్యంగా. "పుస్తకం మూసుంటే ఎవరో మూశారని ఫోను చేసి చెప్తామా? వాళ్లు వేయకపోతే నేనూ వేసే లేస్తానండి."

ఈ దేశంలో మూడు మతాలవాళ్లు ఒక్క మాట మీద నిలబడటం చూడాలని పెద్దలు ఎంత తపించారో. రేపల్లెలో నిలబడ్డారు, నా కట్ట మీద నిలబడ్డారు. మా తెనాలిలో పని ఎందుకు అయిందో కూడా అప్పుడు తెలిసొచ్చింది. మా తెనాలిలో పక్కవాడి టేబుల్ మీద పాము ఆడుతున్నా, అది వాడి సెక్షను అని ఊరుకుంటారు. ఎదుటివాడి పుస్తకం మూసేంత మర్యాద మా దగ్గర లేదు, అందుకే మా పని సాగింది. బాపట్లలో ఉన్నవన్నీ పెద్ద మిషన్లు, వాటికి మూతలే లేవు.

సరే, జబ్బు తెలిసింది కదా, మందు ఎంతసేపు? మూత వేసినప్పుడు ఏం చేయాలి అనేది ఇంకో పేజీలో ఉంటుంది. అక్కడికి వెళ్లి 'ఏమీ చేయవద్దు' అని పెడితే చాలు, ఎన్నిసార్లు మూసినా పని ఆగదు. వెళ్లాను. ఆ గడి బూడిదరంగులో ఉంది, నొక్కితే కదలట్లేదు. బాపట్ల నుంచి తాళం వేసినట్టు. సర్వర్ చూసే కుర్రాళ్లకు ఫోను చేశాను.

"అది పెద్దసారు ఆర్డరండి. కరెంటు పొదుపు సర్క్యులర్. మూత వేస్తే అన్నీ పడుకోవాలని మూడు ఆఫీసులకీ లాక్ చేశాం. మీకూ కాపీ వచ్చింది కదండి" అన్నారు. వచ్చింది. ఫైల్లో ఉంది.

"అర్జెంటుగా తియ్యండి."

"ఆయన చెప్తేనే తీస్తామండి. ఆయన అక్కడికే బయల్దేరారు."

ఇప్పుడు చూడండి పరిస్థితి. కట్ట వెళ్లకపోవడానికి కారణం మూత. మూత వేసింది ఆఫీసంతా, ఆ అమ్మాయితో సహా. మూత వేస్తే పడుకోమన్నది పెద్దసారి సర్క్యులర్. విచారణకు వస్తున్నదీ పెద్దసారే. నిజం చెప్పాలంటే ఆయన మొహం మీదే చెప్పాలి, చెబితే అమ్మాయి పేరూ బయటికి వస్తుంది. ఆయన ఎవరిని వదిలి ఎవరిని పట్టుకుంటారో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

కట్ట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించాను. "నన్ను తీసేస్తారాండీ?" అంది అమ్మాయి. "నేనున్నానుగా" అన్నాను. అలా అన్నాను గానీ నాకే నమ్మకం లేదు.

పెద్దసారు వచ్చారు. కారు దిగుతూనే రేపల్లె, రేపు జోకు వేశారు. అందరూ నవ్వారు, అమ్మాయి కూడా నవ్వింది పాపం. ఆయన నేరుగా ఆమె టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అమ్మాయి లేచి గోడవారగా నిలబడింది. కుర్చీ ఖాళీ. పచ్చగీత అప్పుడే నడక మొదలుపెట్టింది.

"సార్, కారణం దొరికింది" అన్నాను. "కరెంటు పొదుపు మీద మనం వేసిన సర్క్యులర్‌లో..."

"సర్క్యులర్ జోలికి వెళ్లకండి" అన్నారు చెయ్యి అడ్డం పెట్టి. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పని చేతగానప్పుడు సర్క్యులర్ మీద పెట్టకండి. మిగతా రెండు ఆఫీసుల్లో ఇదే సర్క్యులర్ లేదూ? అక్కడ పని జరగలేదూ?"

"అక్కడెవరూ మూత..."

"నన్ను మాట్లాడనివ్వండి." ఇంక మొదలుపెట్టారు. పని పట్ల భక్తి ఉండాలన్నారు. మన పెద్దలు పలకను కూడా కాలికి తగలనిచ్చేవాళ్లు కాదన్నారు. తన చిన్నప్పుడు పుస్తకం పొరపాటున తొక్కితే వాళ్ల నాన్న ఎన్నిసార్లు దణ్ణం పెట్టించారో చెప్పారు. "మీ తరానికి ఆ గౌరవం ఏదమ్మా? ఇప్పుడే చూడు. నువ్వు లేచి అక్కడ నిలబడ్డావు. చదువుల తల్లిని ఇలా నోరు తెరిచి వదిలేశావు!"

అంటూనే వంగి, రెండు చేతులతో భక్తిగా లాప్‌టాప్ మూత వేసి, ఆ చేతివేళ్లు కళ్లకద్దుకున్నారు.

అంచున చిన్నదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. అటెండరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూపరింటెండెంటు గారు పైకప్పు వైపు చూస్తున్నారు. నాకైతే పండగలా ఉంది. ఇంత చక్కటి సాక్ష్యం మళ్లీ దొరకదు. గొంతు సవరించుకుని, "సార్, ఇప్పుడు తమరు చేసిన ఈ పనే..." అని మొదలుపెట్టాను.

"దొరికిందండీ!"

అమ్మాయి. గోడ దగ్గర్నించి ఒక్క ఉరుకున టేబుల్ దగ్గరికి వచ్చి మూత తీసింది. తెర మీద పచ్చగీత లేదు.

"చూడండి సార్, ఆగిపోయింది! మూత వేస్తే ఆగిపోతందండి ఇది! ఇన్నాళ్లుగా మాకెవరికీ తట్టలేదండి. సిస్టమ్ గారు రెండుసార్లొచ్చినా దొరకలేదు. సార్ ఇట్టా వచ్చి అట్టా చెయ్యేస్తే జబ్బు బైటపడిపోయింది!"

పెద్దసారు తెరవైపు చూశారు, అమ్మాయి వైపు చూశారు, తన చేతుల వైపు చూసుకున్నారు. ఆయన మొహంలో ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత మెల్లమెల్లగా అర్థం కావలసిన దానికన్నా ఎక్కువే అర్థమైంది.

"అవును" అన్నారు. "నేను కావాలనే వేశాను."

"మాకు తెలుసండి" అంది అమ్మాయి.

"అనుమానం వచ్చింది. పరీక్షించాను."

"అనుభవం ఎక్కడికి పోతుందండి" అన్నారు సూపరింటెండెంటు గారు, ఇంకా పైకప్పు వైపే చూస్తూ.

ఆ తర్వాత పెద్దసారిని ఆపడం ఎవరివల్లా కాలేదు. మూత వేశారు, తీశారు. మళ్లీ వేశారు, తీశారు. "చూశారా, చూశారా" అంటూ కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా మాకందరికీ చూపించారు. అప్పుడే బాపట్ల కుర్రాళ్లకు ఫోను చేసి, "ఈ మూత సంగతి ఇంతవరకు ఎవరూ నా దృష్టికి తేలేదేంటయ్యా? తక్షణం ఆ తాళం తియ్యండి" అని కోప్పడ్డారు. అమ్మాయిని తీసెయ్యాలని వచ్చిన సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. ఆయన కారెక్కబోతూ, "మంచి చురుకైన పిల్ల" అని కూడా అన్నారు. పాము చావలేదు, కర్ర విరగలేదు. నేను ఒక్కణ్ణే విరిగాను.

మర్నాడు సాయంత్రానికి రేపల్లె కట్ట పూర్తిగా బాపట్ల చేరింది. అటెండరమ్మ ఆ రోజంతా పదిసార్లు మూత వేసిందట, పరీక్షించడానికే. ఆ వారంలోనే కొత్త సర్క్యులర్ వచ్చింది: 'ఇకపై మూత వేసినప్పటికీ నిద్రపోరాదు.' లాప్‌టాపులు అనే మాట టైపింగులో ఎగిరిపోయింది. మా తెనాలి ఆఫీసులో మధ్యాహ్నం పూట కళ్లు మూసుకుని ఆలోచించే అలవాటున్న సీనియర్లకు చాలా కష్టం కలిగింది. "మనల్నే అంటున్నాడు, కనురెప్పల దాకా వచ్చాడు" అని ఒకాయన యూనియన్‌కు కూడా చెప్పుకున్నాడు.

నాకు మాత్రం కడుపు మండిపోతూనే ఉంది. రిపోర్టు రాయమంటే జరిగింది జరిగినట్టు రాయబోయాను. సూపరింటెండెంటు గారు ఫోనులో, "రాయండి, కాదనను. రాస్తే సార్ ఉంటారు, సర్క్యులర్ ఉంటుంది, మూత ఉంటుంది. అమ్మాయి ఉండదు. మీ ఇష్టమండి" అన్నారు. 'అధికారి వారి స్వీయ పరిశీలనలో లోపం బయటపడినది' అని రాసి పంపాను. అక్షరం అక్షరానికీ నిజమే మరి. ఆయన చేత్తోనే కదా బయటపడింది.

అంతటితో అయిందనుకున్నాను. జెండా పండగ వచ్చింది. బాపట్ల ఆఫీసు ఆవరణలో షామియానా వేసి, ఆ ఏడాది బాగా పనిచేసినవాళ్లకు ప్రశంసాపత్రాలు ఇస్తున్నారు. మూడు ఆఫీసుల వాళ్లూ రావాల్సిందే. నేను వెనక వరసలో కూర్చున్నాను. రేపల్లె అమ్మాయి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఇస్త్రీ చీర, తలలో కనకాంబరాలు. బాగున్నారాండీ అని పలకరించింది. ముభావంగా తలూపాను.

మైకులో పెద్దసారి పేరు పిలిచారు. రేపల్లెలో నెలల తరబడి ఆగిపోయిన పనిని స్వయంగా పరిశీలించి, నిపుణులకు సైతం అంతుచిక్కని సాంకేతిక లోపాన్ని కనుగొన్నందుకు అని చదివారు. నిపుణులంటే నేనే. ఆయన శాలువా కప్పించుకుని, ప్రశంసాపత్రం గుండెకు ఆనించుకుని మా వైపు తిరిగారు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న అమ్మాయి అందరికన్నా గట్టిగా కొట్టింది.

నాకు తిక్కరేగింది. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"సిగ్గులేదా నీకు?" అన్నాను పళ్ల బిగువున. "నిన్ను వీధిన పడేయడానికి వచ్చిన మనిషి. తన తప్పుకి తనే శాలువా కప్పించుకుంటున్నాడు. నిజం చెప్పే అవకాశం నా నోటిదాకా వచ్చింది, నువ్వు లాగేసుకున్నావు. ఆ రోజంటే భయపడ్డావు, సరే. ఇప్పుడేంటి? ఇంకా ఎందుకు కొడుతున్నావ్?"

ఆమె నా వైపు తిరగలేదు. నవ్వు మొహం స్టేజీ మీదే ఉంచి, చేతులు ఆపకుండా చెప్పింది.

"నా రెన్యువల్ ఫైలు ఇంకా సార్ టేబుల్ మీదే ఉందండి. సంతకం కాలేదు." తర్వాత గొంతు బాగా తగ్గించి అంది, "మనవైపే చూస్తున్నారండి. దణ్ణం పెడతా, మీరూ కొట్టండి సార్."

కొట్టాను. లేచి నిలబడి మరీ కొట్టాను. ఆయన మమ్మల్ని చూసి చెయ్యెత్తేదాకా ఆపలేదు. సోమవారం సంతకం అయింది.